జాన్ వార్డ్ (1866–1934)

జాన్ వార్డ్ బ్రిటన్‌కు చెందిన కార్మిక సంఘ నాయకుడు, సైన్యాధికారి, పార్లమెంటు సభ్యుడు. కాలువలు, రైలుదారులు తవ్వే మట్టిపని కూలీలకు 1889లో సంఘం పెట్టాడు. 1906 నుంచి 1929 దాకా స్టోక్ నియోజకవర్గం తరఫున హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో లెఫ్టినెంట్ కర్నల్ హోదాలో మిడిల్‌సెక్స్ రెజిమెంటు 25వ బెటాలియన్‌కు నాయకత్వం వహించి సైబీరియా దాకా వెళ్లాడు. ఇరవయ్యో ఏట సోషలిస్టు సభలో మాట్లాడి అరెస్టయిన ఈ మనిషే, యాభై దాటాక బోల్షివిక్కులతో పోరాడుతున్న అడ్మిరల్ కొల్చాక్‌కు అండగా నిలిచాడు. ఈ రెండు కొసలనూ కలిపే దారం ఆయన సంఘ జీవితంలోనే దొరుకుతుంది.

బాల్యం, తొలి సైనిక జీవితం

వార్డ్ 1866 నవంబరు 21న ఇంగ్లండులోని సర్రీ జిల్లాలో, వేబ్రిడ్జ్ దగ్గర పుట్టాడు. తండ్రి గోడలకు పూత పనిచేసే కార్మికుడు. వార్డ్ పసివాడిగా ఉండగానే ఆయన చనిపోయాడు. తల్లి పిల్లవాణ్ణి తీసుకుని హాంప్‌షైర్‌లోని యాపుల్‌షా అనే పల్లెకు చేరింది. ఏడేళ్లకే కూలికి వెళ్లాడు, పన్నెండేళ్లకు రైలుదారి పనుల్లో పార పట్టాడు. అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే, కౌమారంలో.

ఆయన చేరిన ఆ పనివాళ్లను ఇంగ్లండులో నావీలు అనేవారు. మన ప్రాంతాల్లో చెరువులూ కాలువలూ తవ్విన వడ్డెరల మాదిరిగానే వీళ్లూ పని ఎక్కడుంటే అక్కడికి తరలిపోయేవారు. కట్ట పక్కనే గుడిసెలు వేసుకునేవారు. పని ముగిస్తే గుడిసెలు లేచిపోయేవి. మన్ను విరిగిపడి చనిపోవడం, కాళ్లూ చేతులూ పోగొట్టుకోవడం వాళ్లకు మామూలు సంగతులు. చాలాకాలం పాటు కంట్రాక్టరు దుకాణంలోనే సరుకులు కొనాల్సిన పద్ధతి ఉండడంతో కూలి డబ్బు తిరిగి తిరిగి అతని చేతికే చేరేది. ఊరూ వాడా స్థిరంగా లేని ఇలాంటి మనుషులను ఒక సంఘంగా కూడగట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

1885లో వార్డ్ సైన్యంలో చేరి సూడాన్ వెళ్లాడు. ఆ ఏడాది జనవరిలో ఖార్టూమ్‌లో జనరల్ గోర్డన్ చనిపోయాక, ఎర్రసముద్రం ఒడ్డునున్న సువాకిన్ నుంచి నైలు నది మీది బెర్బెర్ వరకు రైలుమార్గం వేయాలని బ్రిటిష్ ప్రభుత్వం తలపెట్టింది. ఇంగ్లండు నుంచి కూలీలను, ఇనుప పట్టాలను ఓడల్లో దింపింది. వార్డ్ పనిచేసింది ఆ మార్గం మీదే. కొద్ది మైళ్లు వేసేసరికే ప్రభుత్వం మనసు మార్చుకుని పనిని మధ్యలో వదిలేసింది. సైనికుడికీ కూలీకీ మధ్య గీత చెరిగిపోయిన ఆ ఎడారి పని వార్డ్ తర్వాతి జీవితానికి మూసగా మారింది.

సంఘ స్థాపన

ఇంగ్లండుకు తిరిగొచ్చాక ఆయన సోషల్ డెమొక్రాటిక్ ఫెడరేషన్‌లో చేరాడు. మార్క్సు భావాలను బ్రిటన్‌లో ప్రచారం చేసిన తొలి సంస్థ అది. 1886 నవంబరులో లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పోలీసులు వద్దన్న సభలో మాట్లాడి అరెస్టయ్యాడు. కోర్టు చిన్న జరిమానాతో వదిలేసింది.

1889 బ్రిటిష్ కార్మిక చరిత్రలో పెద్ద మలుపు. అంతకు ముందు సంఘాలు ఎక్కువగా చేతినైపుణ్యం ఉన్న పనివాళ్లవి. చందా ఎక్కువ, ప్రవేశం కష్టం. ఆ ఏడాది విల్ థోర్న్ గ్యాస్ కార్మికులను కూడగట్టాడు. లండన్ రేవు కూలీలు సమ్మె చేసి గెలిచారు. వార్డ్ తన మట్టిపని కూలీలకు, ఇటుకపని సహాయకులకు, ఇతర సాధారణ కూలీలకు కలిపి సంఘం స్థాపించింది కూడా అదే ఏడాది. రేవు కూలీ రోజూ అదే రేవుకు వస్తాడు, గ్యాస్ కార్మికుడు అదే కర్మాగారానికి వస్తాడు. మట్టిపనివాడి పని స్థలమే కదిలిపోతుంది. ఇవాళ వందమంది ఉన్న శాఖ కాలువ పూర్తికాగానే మాయమవుతుంది. అందుకే ఈ సంఘం ఆ రెండింటిలా పెద్దది కాలేకపోయింది. అయినా దశాబ్దాల పాటు దాన్ని నిలబెట్టడం చిన్న విషయం కాదు. వార్డ్ చేసిన పనుల్లో అన్నిటికన్నా గట్టిది ఇదేనని చెప్పాలి.

1899లో ఏర్పడిన జనరల్ ఫెడరేషన్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్‌లోనూ ఆయన చాలాకాలం కార్యవర్గ సభ్యుడిగా, ఆ తర్వాత కోశాధికారిగా పనిచేశాడు. సభ్య సంఘాలు సమ్మెకు దిగితే డబ్బు సాయం అందించడానికి పుట్టిన సంస్థ అది. సమ్మె నిధి లెక్కలు చూసిన మనిషికి బేరం ఎంత దూరం లాగాలో, ఎక్కడ తెంచాలో తెలుస్తుంది. వార్డ్ దృష్టిలో సంఘం అంటే యజమాని ఎదుట సమానంగా కూర్చుని బేరమాడే బలం. రాజ్యాన్ని కూలదోసే ఆయుధంగా దాన్ని ఆయన చూడలేదు. యౌవనంలోని సోషలిస్టు భాష క్రమంగా తగ్గిపోయింది. ఈ ఆలోచన మాత్రం చివరిదాకా ఉండిపోయింది.

పార్లమెంటు

1900లో ఏర్పడిన కార్మిక ప్రాతినిధ్య కమిటీ, అంటే తర్వాతి లేబర్ పార్టీ, 1903లో తన అభ్యర్థులకు ఒక షరతు పెట్టింది. లిబరల్, కన్సర్వేటివ్ పార్టీలతో సంబంధం పెట్టుకోకూడదన్నది దాని సారం. వార్డ్ ఆ పత్రం మీద సంతకం చేయలేదు. 1906 ఎన్నికల్లో స్టోక్ నుంచి లిబరల్ పార్టీ మద్దతు ఉన్న కార్మిక అభ్యర్థిగా పోటీచేసి గెలిచాడు. లిబ్‌–లాబ్‌లు అని పిలిచిన ఈ వర్గం అప్పటికి బలమైనదే. అదే ఎన్నికల్లో లేబర్ కమిటీ తన సొంత పేరు మీద 29 స్థానాలు గెలిచింది.

స్టోక్ కుండల పరిశ్రమకు పేరుపడ్డ ప్రాంతం. పింగాణీ పూతలో వాడే సీసం వల్ల ఆడా మగా పనివాళ్లు జబ్బుపడేవారు. ఆ ఓటర్లకు తమలాగే కూలి చేసి పెరిగిన ప్రతినిధి కావాలి. అతని పార్టీ ముద్ర ఏమిటన్నది వాళ్లు అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. సంఘాల సమ్మె హక్కును కాపాడిన 1906 చట్టం, 1908 నాటి వృద్ధాప్య పింఛన్లు ఆయన సభలో ఉండగా వచ్చినవే. 1909లో గని కార్మికుల సమాఖ్య లేబర్ పార్టీలో కలవడంతో లిబ్‌–లాబ్ వర్గం కరిగిపోయింది. వార్డ్ ఉన్నచోటే ఉన్నాడు. పార్టీ మీద ఆయనకు ఎప్పుడూ పెద్ద మమకారం లేదు. ఈ స్వతంత్రతే తర్వాత ఆయన్ని కార్మికోద్యమం నుంచి ఒంటరిని చేసింది.

యుద్ధం, సైబీరియా

1914లో యుద్ధం మొదలయ్యాక కందకాలు తవ్వేవాళ్లు, రోడ్లు వేసేవాళ్లు సైన్యానికి అత్యవసరమయ్యారు. వార్డ్‌కు లెఫ్టినెంట్ కర్నల్ హోదా ఇచ్చారు. మట్టిపని కూలీల నుంచి మనుషులను చేర్చుకుని ఆయన పయనీర్ బెటాలియన్లు తయారుచేశాడు. సంఘ సభ్యులే ఇప్పుడు ఆయన సిపాయిలు.

25వ బెటాలియన్‌లో ముందు వరుస యుద్ధానికి పనికిరారని వైద్యులు తేల్చిన వాళ్లు ఎక్కువ. తూర్పు దేశాల్లో కాపలా పనికి వీళ్లను పంపారు. 1917 ఫిబ్రవరిలో ఈ బెటాలియన్ ఎక్కిన టిండేరియస్ అనే ఓడ దక్షిణాఫ్రికా కొసన, అగుల్హాస్ అగ్రం దగ్గర జర్మన్లు పెట్టిన మందుపాతరకు తగిలింది. ఓడ ముందు భాగం నీళ్లలోకి దిగుతుంటే సిపాయిలు వరుసల్లో కదలకుండా నిలబడి పాటలు పాడారు. అందరూ బతికి బయటపడ్డారు. తర్వాత హాంకాంగ్‌లో కాపలా ఉన్నారు. 1918 ఆగస్టు 3న వ్లాదివొస్తోక్ రేవులో దిగారు.

అక్కడి నుంచి బోల్షివిక్కులతో పోరు సాగుతున్న ఉసూరి యుద్ధరంగానికి, ఆ తర్వాత ట్రాన్స్‌సైబీరియన్ రైలు మీద వేల కిలోమీటర్లు పశ్చిమాన ఉన్న ఓమ్స్క్‌కు వెళ్లారు. ఓమ్స్క్‌లో అప్పుడు డైరెక్టరీ అనే సంకీర్ణ ప్రభుత్వం ఉంది. సోషలిస్టులు, సైన్యాధికారులు అందులో ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. 1918 నవంబరు 18కి ముందు రాత్రి కొసాక్కు అధికారులు డైరెక్టరీలోని సోషలిస్టు సభ్యులు అవ్‌క్సెంతియెవ్, జెన్‌జినోవ్‌లను బంధించారు. తెల్లవారేసరికి కొల్చాక్ సర్వాధికారి అయ్యాడు. అంతకు కొద్ది రోజుల ముందే వార్డ్, కొల్చాక్ ఒకే రైల్లో యుద్ధరంగం చూసి వచ్చారు. ఆ కుట్రలో బ్రిటిష్ వాళ్ల చేయి ఎంత అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. కుట్ర సంగతి తనకు ముందుగా తెలియదనీ, అల్లర్లు రాకుండా తన మెషిన్‌గన్లను మోహరించాననీ వార్డ్ తర్వాత రాశాడు. అయితే మెషిన్‌గన్లు నిలబెట్టాక తటస్థత అన్నమాటకు పెద్ద అర్థం మిగలదు. బంధించిన ఆ ఇద్దరినీ చంపవద్దని ఆయన కొల్చాక్‌ను గట్టిగా అడిగాడు. వాళ్లను బ్రిటిష్ సిపాయిల రక్షణలో దేశం దాటించారు. ఆ ప్రాణాలు దక్కిన ఘనత వార్డ్‌కు ఇవ్వాల్సిందే.

1919 వసంతంలో ఆయన చేసిన పని సైన్యాధికారుల చరిత్రలో అరుదైనది. కొల్చాక్ సైన్యానికి ఆయువుపట్టు రైలుమార్గం. దాన్ని నడిపే కార్మికుల్లో అసంతృప్తి రగులుతోంది. వార్డ్ కొల్చాక్ అనుమతితో రైల్వే వర్క్‌షాపులకు వెళ్లి సభలు పెట్టాడు. ఇంగ్లండులో సంఘాలు ఎలా పుట్టాయో, బేరం ఎలా సాగుతుందో, విప్లవం లేకుండా హక్కులు ఎలా వస్తాయో వివరించాడు. కూలీగా బతికిన మనిషి కూలీలతో మాట్లాడుతున్నాడు, అందులో కల్లా కపటం లేదు. కానీ వినేవాళ్ల పరిస్థితి వేరు. 1918 డిసెంబరులో ఓమ్స్క్‌లో తిరుగుబాటు జరిగినప్పుడు అధికారులు జైల్లో ఉన్న సోషలిస్టు ప్రతినిధులను బయటికి తీసుకెళ్లి చంపారు. అలాంటి పాలనలో సంఘం పెట్టుకోమని చెప్పడం కార్మికులకు దారి చూపినట్టు కాదు. బేరానికి అవతలి పక్షం కూడా నియమాలకు కట్టుబడాలి. తన దేశంలో వార్డ్‌కు ఇది బాగా తెలుసు. ఓమ్స్క్‌లో దాన్ని చూడలేకపోయాడు, లేదా చూడదలచుకోలేదు.

కొసాక్కులు ఆయనకు అతమాన్, అంటే దళనాయకుడు, అనే బిరుదు ఇచ్చి గౌరవించారు. 1920లో తన అనుభవాలను ‘విత్ ది డై-హార్డ్స్ ఇన్ సైబీరియా’ అనే పుస్తకంగా అచ్చువేశాడు. డై-హార్డ్స్ అన్నది మిడిల్‌సెక్స్ రెజిమెంటుకు 1811 నాటి అల్బుయెరా యుద్ధం నుంచి ఉన్న పేరు. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే, ఫిబ్రవరిలో, ఇర్కూత్‌స్క్‌లో కొల్చాక్‌ను కాల్చిచంపారు. మే నెలలో లండన్ రేవు కూలీలు ‘జాలీ జార్జ్’ అనే ఓడలోకి రష్యా మీద వాడబోయే ఆయుధాలు ఎక్కించడానికి నిరాకరించారు. 1889లో వార్డ్‌తో పాటే లేచి నిలబడ్డ రేవు కార్మికోద్యమపు వారసులు వాళ్లు.

చివరి ఏళ్లు

1918 డిసెంబరు ఎన్నికలప్పుడు వార్డ్ సైబీరియాలోనే ఉన్నాడు. అయినా స్టోక్ స్థానం ఆయనకే దక్కింది. ఆ తర్వాతి పదేళ్లలో ఆయన పార్టీ ముద్ర మారుతూ వచ్చింది. ముందు సంకీర్ణ లిబరల్, తర్వాత నేషనల్ లిబరల్, 1924లో కాన్‌స్టిట్యూషనలిస్టు, మళ్లీ లిబరల్. నియోజకవర్గం మాత్రం మారలేదు. బ్రిటిష్ రాజకీయాల్లో లిబరల్ పార్టీ కూలిపోతున్న కాలమది. కార్మికుల ఓటు లేబర్ వైపు తిరిగింది.

1929లో లేబర్ అభ్యర్థి లేడీ సింథియా మోస్లే చేతిలో ఓడిపోయాడు. ఆమె భారత వైస్రాయిగా బెంగాల్ విభజన చేసిన లార్డ్ కర్జన్ కూతురు, అప్పటికి లేబర్ నాయకుడైన ఓస్వాల్డ్ మోస్లే భార్య. ఏడేళ్లకే కూలికి వెళ్లిన మనిషిని కార్మికుల ఓట్లతో ఒక ప్రభువు కూతురు ఓడించింది. ఓటర్లు మనిషి పుట్టుకను కాక పార్టీని చూసి ఓటు వేయడం నేర్చుకున్నారన్నది దీనికి సూటి వివరణ. 1903లో వార్డ్ సంతకం చేయనన్నది సరిగ్గా ఆ పార్టీ పత్రం మీదే.

ఓటమి తర్వాత ఆయన క్రియాశీల రాజకీయాలకు తిరిగి రాలేదు. బాల్యం గడిచిన హాంప్‌షైర్‌లోనే, ఆండోవర్ దగ్గరి వేహిల్‌లో 1934 డిసెంబరు 19న మరణించాడు. సైబీరియా పుస్తకాన్ని మాత్రం ఓమ్స్క్ కుట్ర మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ తిరగేయక తప్పదు. అందులో వార్డ్ అభిప్రాయాలు దాచకుండా ఏకపక్షంగా ఉంటాయి. ఘటనలు జరిగిన చోట, జరుగుతున్నప్పుడు ఉన్న మనిషి రాసిన వివరాలు కావడమే దాని విలువ.