కుద్సియా బేగం

కుద్సియా బేగం (అసలు పేరు ఉధంబాయి) మొగలు చక్రవర్తి మహమ్మద్ షా భార్య, అహ్మద్ షా బహదూర్ తల్లి. నర్తకిగా ఢిల్లీ అంతఃపురంలో అడుగుపెట్టిన ఆమెకు అసలైన అధికారం భర్త హయాంలో కాక, 1748లో కొడుకు సింహాసనం ఎక్కాకే దక్కింది. అంతఃపుర స్త్రీ పలుకుబడికి భార్య హోదా కన్నా రాజమాత స్థానమే గట్టి ఆధారమని దీన్నిబట్టి చెప్పవచ్చు. అంతఃపుర అధికారి జావేద్ ఖాన్ అండవల్లే ఆమె మాట చెల్లిందన్న వాదన ఉంది. అయితే 1752లో వజీరు సఫ్దర్ జంగ్ అతన్ని చంపించిన తర్వాతా ఆమె రాజమాతగానే కొనసాగింది. 1754లో దర్బారు ప్రముఖుడు ఇమాదుల్ ముల్క్ అహ్మద్ షాను పదవి నుంచి దించి అంధుణ్ణి చేయడంతో ఆ ప్రాబల్యం అంతరించింది. కాశ్మీరీ గేటుకు ఉత్తరాన, నాటి యమున ఒడ్డున ఆమె నిర్మింపజేసిన కుద్సియా బాగ్ 1857 పోరులో చాలావరకు ధ్వంసమైంది. పడమటి ద్వారం, మసీదు మిగిలాయి.