గుర్రం నడుస్తుంటే పాప నడుము నేర్చుకుంటుంది

1952 హెల్సింకి ఒలింపిక్స్. గుర్రపు స్వారీలో డ్రెస్సాజ్ (గుర్రంతో లయగా అడుగులు వేయించే) పోటీ అంతకుముందు దాకా సైనికాధికారులకే. తొలిసారిగా ఆ ఏడాది ఆడవాళ్లనూ రానిచ్చారు. అలా వచ్చిన వారిలో డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ ఒకరు. 1944లో, 23 ఏళ్ల వయసులో, కడుపుతో ఉండగా ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు సాయం పట్టాల్సిందే. అలాంటి మనిషి జూబిలీ అనే ఆడగుర్రం మీద మగవాళ్లతో పోటీపడి రజతం గెలిచింది. 1956లో మళ్లీ రజతం!

స్వారీ ఒంటికి మేలు చేస్తుందని వైద్యులు ఎప్పటినుంచో అంటున్నారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ క్షయరోగులకు కూడా దాన్ని సూచించాడు. కాళ్లు పనిచేయనివాళ్లకు గుర్రం ఏం చేయగలదో మాత్రం హార్టెల్ గెలుపుతోనే లోకం కళ్లారా చూసింది. ఆ దశాబ్దంలోనే నార్వేలో ఎల్సెబెత్ బోట్కర్ అనే ఫిజియోథెరపిస్టు వైకల్యమున్న పిల్లలను పోనీల మీద ఎక్కించింది. 1969లో బ్రిటన్‌లో ‘రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్’ ఏర్పడింది. అదే ఏడాది అమెరికాలోనూ ఇలాంటి సంఘం వెలిసింది.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌ ఫిజియోథెరపిస్టులు పట్టుకున్న దారి వేరు. వాళ్లు పిల్లలకు స్వారీ నేర్పలేదు, గుర్రం నడకనే చికిత్సగా వాడుకున్నారు. హిప్పోథెరపీ అంటే అదే.

గుర్రం నింపాదిగా నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, పక్కలకూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుమూ దాదాపు ఇలాగే కదులుతుంది. మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపకు తరచూ తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి, కాళ్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. గుర్రానికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోబెడితే ఆ కండరాలు మెల్లగా సాగుతాయి. చాలాచోట్ల జీను తీసేసి మెత్తటి గుడ్డ మాత్రమే పరుస్తారు. గుర్రం ఒంటి వేడి పాపకు తగలాలనే ఈ ఏర్పాటు. ఒక్కోసారి వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, చేతులు గుర్రం నడుము మీద ఆనిస్తారు. గుర్రం ఆగినా మలుపు తిరిగినా, పడిపోకుండా వెన్ను తనంతట తానే సర్దుకోవాలి. నాలుగు గోడల మధ్య ఎంత బతిమాలినా చేయని కసరత్తును పాప ఇక్కడ నవ్వుతూ చేసేస్తుంది.

2003లో అమెరికాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లలతో ఓ చిన్న పరీక్ష చేశారు. కొందరిని 8 నిమిషాలు గుర్రం మీద, మిగతావాళ్లను అంతేసేపు కదలని పీపా మీద కూర్చోబెట్టారు. గుర్రమెక్కిన పిల్లల్లో కుడి ఎడమ కండరాల పనితీరు సమతూకానికి వచ్చింది, పీపా ఎక్కినవాళ్లలో రాలేదు. కానీ 2009లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 10 వారాల స్వారీ తరువాత కూడా పిల్లల కదలికల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక ఫిజియోథెరపీ మాన్పించి గుర్రమెక్కించడం పొరపాటు, దానికి తోడుగా అయితే సరే. ఆ తోడు కూడా అందరికీ అందదు. ఒక్క పాప కోసం కళ్లెం పట్టేవారొకరు, చెరో పక్క నడిచేవారిద్దరు, ఉలిక్కిపడని మాలిమి గుర్రం ఒకటి, వీళ్లందరినీ నడిపించే థెరపిస్టు ఒకరు కావాలి.