అంటు ఎక్కడ నున్నది?

మన భాషలో 'అంటు' అను మాటకు రెండర్థములు గలవు: మైల యొకటి, సోకెడు రోగ మొకటి. మొదటిదానిని పుట్టుకనుబట్టి లెక్కించి వాడవాడల గిరులు గీచితిమి. రెండవదానిని మన చేతివ్రేళ్ళమీద వెదుకుట మరచితిమి.

సుశ్రుతుడు మరువలేదు. గాయపడినవాడు గోళ్ళును వెండ్రుకలును కురుచగా తీయించుకొని, శుచియై, తెల్లని బట్ట కట్టవలెననియు, ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి పదిదినములు రెండుపూటల ధూపము వేయవలెననియు విధించెను. ఇది రాక్షసభయముచేత చెప్పినదే యనుకొన్నను, గోళ్ళ మాట నేటికిని చెల్లుచున్నది.

1847లో వియన్నా ప్రసూతిశాలలో మంత్రసానులు చూచిన బాలింతలకంటె వైద్యవిద్యార్థులు చూచినవారే యెక్కువగా చనిపోవుచుండిరి. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే వచ్చుచుండిరని సెమ్మెల్వైస్ అను వైద్యుడు గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపునీట చేతులు కడిగించెను. ఏప్రిల్‌లో నూటికి 18గా నున్న మరణములు జూలైకి నూటికి ఒకటి యయ్యెను. అంటు మంత్రసానియందు గాక పండితుని చేతియందే యుండెను! పెద్దలకు ఈ మాట రుచింపలేదు. మంత్రసాని నడచిన చోటనెల్ల నీళ్ళు చల్లిన మన అవ్వలు విన్న నేమందురో!

1865లో గ్లాస్గోలో లిస్టరు, బండిచక్రము క్రింద కాలు విరిగిన 11 ఏండ్ల బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డ కట్టి చీము పట్టనీయలేదు. ఈ విద్య లేనిచో, 1967లో అమెరికాలో ఫావలోరో కాలిసిరతో గుండెకు క్రొత్తదారి కూర్చుట సాగెడిది కాదు. 1975లో మదరాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో చెరియన్‌గారు ఆ శస్త్రము చేసిరి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిమ్మట అది దివిసీమ పేదకాపునకును అందినది.

ఇందు గాయములు రెండు: చీల్చిన రొమ్ముటెముక, సిర తీసిన కాలు. రొమ్ములోపల చీము పట్టెనా, ప్రాణాపాయమే. అందుచేతనే కోతకు ముందటి గంటలో యాంటీబయాటిక్ మందు నెక్కింతురు, మంగలికత్తి గీతలలో సూక్ష్మజీవులు చేరునని వెండ్రుకలను గొరుగక కత్తిరింతురు, మధుమేహమును అదుపున నుంతురు, చుట్ట మాన్పింతురు.

ఇంతయు ఆసుపత్రి పని. మేము బందరులో చూచినంతవరకు, చిక్కు వచ్చునది ఇంటికి చేరిన పిమ్మటనే. గుడివాడలోనైనను నాగాయలంకలోనైనను పరామర్శకు వచ్చిన బంధువు కట్టు విప్పి చూపుమనును. ఒకామె పసుపు, ఒకామె ఆకుపసరు తెచ్చును. కాళ్ళకు నీళ్ళిచ్చు ఆచారము మనకున్నది. చేతులకు సబ్బునుకూడ ఇయ్యవచ్చును. గాయము ఎఱ్ఱబడి చీము కారినను, జ్వరము వచ్చినను, దగ్గినప్పుడు ఎముక కదలినట్లు తోచినను, వర్జ్యము చూడక ఆనాడే కోసిన వైద్యునియొద్దకు పోవలెను.