"స్లో" అనే మాటకి కూడా ఒక చరిత్ర ఉంది

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మనలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చినవాళ్ళమే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటివాణ్ణి. ఇక్కడ రోజూ చెవిలో పడే ఇంగ్లీషు మాటలు రెండు. ఒకటి ఫాస్ట్, రెండోది స్లో. "వాడు ఫాస్ట్, వీడు స్లో" అని మనుషుల్ని రెండు వరసల్లో నిలబెట్టేస్తారు. అసలు ఈ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దామని లైబ్రరీలో డిక్షనరీలు తిరగేశాను. దొరికింది మీతో పంచుకుంటున్నా.

వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో "ఫాస్ట్" అంటే వేగం కాదు. గట్టిగా, కదలకుండా ఉండేది అని అర్థం. ఆ అర్థం ఇంకా చావలేదు. ఫాస్టెన్ అంటే గట్టిగా బిగించడం. ఫాస్ట్ అస్లీప్ అంటే గాఢనిద్ర, నిద్రలో స్పీడ్ ఏముంటుంది? బట్టల షాపులో ఫాస్ట్ కలర్ అంటే ఉతికినా పోని రంగు. "స్పీడ్" అంటే మొదట్లో విజయం, కలిమి. ప్రయాణం వెళ్ళేవాళ్ళకి గాడ్‌స్పీడ్ అని చెప్పేది త్వరగా పొమ్మని కాదు, మేలు జరగాలని. "క్విక్" అంటే ప్రాణం ఉన్నది. పాదరసం జీవం ఉన్నట్టు కదులుతుంది కాబట్టే క్విక్‌సిల్వర్ అన్నారు.

"సూన్" కథ నవ్వొస్తుంది. ఒకప్పుడు దానికి అర్థం ఇప్పుడే, ఈ క్షణమే అని. మనవాళ్ళు "ఇదిగో వచ్చేస్తున్నా" అని గంటకి వచ్చినట్టు, అక్కడా జనం అలాగే చేసీ చేసీ అది "కాసేపట్లో" అయిపోయింది. అంటే ఆలస్యం వాళ్ళకీ కొత్త కాదు!

మరి తొందర పెట్టే మాటలు ఎవరి నోట్లోంచి వచ్చాయి? 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఉత్తరాలు గుర్రాల మీద వెళ్ళేవి. కవరు మీద "హేస్ట్, పోస్ట్, హేస్ట్" అని రాసేవారు. ఇక్కడ పోస్ట్ అంటే ఆ ఉత్తరం మోసేవాడు. కొన్నిటి మీద ఉరికొయ్య బొమ్మ కూడా గీసేవారు, ఆలస్యం చేస్తే నీ గతి ఇదీ అని. పోస్ట్‌హేస్ట్ అనే మాట అలా మిగిలింది.

తర్వాత రైళ్ళొచ్చాయి. అంతకుముందు ఏ ఊరికి ఆ ఊరి పొద్దే గడియారం. లండన్ కంటే బ్రిస్టల్ టైము 10 నిమిషాలు వెనక. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే అన్ని స్టేషన్లకీ లండన్ టైమే పెట్టింది. 1880లో అదే దేశం మొత్తానికి చట్టం అయింది. ఊరి పొద్దు పోయి కంపెనీ గడియారం వచ్చింది.

మనం అసైన్‌మెంట్లకి వాడే "డెడ్‌లైన్" పుట్టింది జైల్లో. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో ఖైదీల శిబిరం పెట్టారు. గోడకి కొంచెం లోపల చిన్న కంచె ఉండేది. దాన్ని దాటిన ఖైదీని కాల్చేసేవారు. అదే డెడ్ లైన్. అక్కడ ఉంచిన సుమారు 45,000 మందిలో దాదాపు 13,000 మంది చనిపోయారు, ఎక్కువమంది రోగాలతో, తిండి లేక. 20వ శతాబ్దంలో అమెరికా పత్రికలవాళ్ళు ఆ మాటని వార్త ఇవ్వాల్సిన ఆఖరి టైముకి వాడారు.

"చాప్ చాప్" చైనాలోని కాంటన్ రేవులో ఇంగ్లీషు వర్తకులు, అక్కడివాళ్ళు మాట్లాడుకున్న కలగాపులగం భాషలోది. మన దేశంలో ఇంగ్లీషు సిపాయిలు "జల్దీ"ని పట్టుకెళ్ళారు. కిప్లింగ్ 1890లో రాసిన గంగా దిన్ కవితలో తెల్ల సిపాయి నీళ్ళు మోసే భారతీయుణ్ణి ఆ మాటతోనే అదిలిస్తాడు, లేకపోతే కొడతానంటాడు.

గమనించారా? ఈ మాటల్లో తొందరపెట్టేవాడు పైన, పరుగెత్తేవాడు కింద.

ఇక "స్లో". పాత ఇంగ్లీషులో దాని అర్థం సోమరి, మందబుద్ధి. ఎక్కువ సమయం తీసుకోవడం అనే అర్థం 13వ శతాబ్దంలో వచ్చింది. అంటే ముందు తిట్టు, తర్వాతే కొలత. మన పిల్లవాణ్ణి "స్లో లెర్నర్" అన్నప్పుడు ఆ పాత తిట్టు కూడా లోపల కూర్చునే ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కాలేజీలో మూడో భాష దాటుకుంటూ వచ్చేవాడికి టైము పడుతుంది. అది బుద్ధి తక్కువై కాదు, దారి ఎక్కువై.

టైము పాటించొద్దని నేను అనట్లేదు. పరీక్ష మూడు గంటలంటే మూడు గంటలే, స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ మన కోసం ఆగదు. కానీ ఎవరైనా స్లో అంటే తల దించుకుని చదువు మానేసి ఇంటికెళ్ళిపోకండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఇంకొంచెం టైము అడగండి, అర్థం కాలేదని అడగండి.

ఒక పని చేద్దాం. కోయ, గోండి, సవర, కువి, లంబాడీ, మీ ఇంట్లో ఏ భాష అయితే అందులో "త్వరగా", "నెమ్మదిగా" అనే మాటల్ని అవ్వనీ తాతనీ అడిగి ఇక్కడ రాయండి. ఆ మాటని ఏ పనిలో, ఎవరు ఎవరితో అంటారో కూడా రాయండి. మన మాటల చరిత్ర మనమే రాసుకోవాలి కదా.