వికటకవిని తిరగేస్తే.. (పెర్ల్ డౌట్ల చరిత్ర)

ముందుగా ఒక చిన్న లెక్క. "తెనాలి" లో ఎన్ని అక్షరాలు? మూడు అంటారు మీరు. ఒకటో తరగతి పిల్లాడూ అంతే అంటాడు. అదే పెర్ల్ ని అడగండి, 18 అంటుంది. "అమ్మా, ఇది యూనికోడు" అని చెప్పి అడిగితే 6 అంటుంది. ఇంకా పద్ధతిగా, అడగాల్సిన తీరులో అడిగితే అప్పుడు దిగొచ్చి 3 అంటుంది. మూడు జవాబులూ కరెక్టే. మనం అడిగింది బైట్లనా, కోడ్ పాయింట్లనా, అక్షరాలనా అన్నదే తేడా.

అడగడం తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. ఈ మాట నాకు బుర్రకెక్కడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఆ లోపు ఒక కుర్రాడి ఉద్యోగం కూడా పోయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు కాస్త చరిత్ర.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఇంజనీరింగు బాపట్లలో వెలగబెట్టాను. చెరుకుపల్లి మీదుగా బస్సెక్కితే ఇల్లు దగ్గరే. కానీ తెనాలిలో మా అత్తయ్య వాళ్ళుండటంతో నాకు రైలే ఇష్టం. బాపట్లలో మెయిన్ లైను బండెక్కి తెనాలిలో దిగడం, అత్తయ్య చేతి భోజనం, మర్నాడు రేపల్లె బండి. ఆ ఇంట్లో భోజనం కన్నా పెద్ద ఆకర్షణ ఇంకోటుండేది. మా బావ దగ్గర కంప్యూటరుంది. 1999 లో సంగతి ఇది. పీసీక్వెస్ట్ పత్రికతో పాటు ఇచ్చిన లినక్స్ సీడీ వేసుకుని కూర్చునేవాడు. ఇంట్లో నెట్ లేదు. బయట నెట్ సెంటర్లో గంటకి నలభై రూపాయలు, అదీ ఒక పేజీ తెరుచుకునేసరికి పావుగంట గడిచిపోయేది.

ఆ సీడీలో పెర్ల్ ఉంది. పెర్ల్ తో పాటు పెర్ల్‌డాక్ ఉంది. "బావా, ఇది ఎవరు నేర్పుతారు?" అంటే, "అదే నేర్పుతుంది, అడగరా" అన్నాడు. నిజంగానే అడిగితే చెప్పింది. ఒక ఫంక్షను పేరిస్తే దాని సంగతి చెప్తుంది. ఒక మాటిస్తే, ఆ మాట ఉన్న ప్రశ్నలు వెతికి జవాబులతో సహా ముందు పెడుతుంది. తెనాలిలో నెట్ లేకుండా కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళ డౌట్లు దానికి ముందే ఎలా తెలుసు? అప్పుడు ఆశ్చర్యపోయాను గానీ, ఆరా తీసింది చాలా ఏళ్ళకి.

లారీ వాల్ పెర్ల్ మొదటి వెర్షన్ని 1987 డిసెంబరు 18న విడుదల చేశాడు. ఆయన భాషాశాస్త్రం చదువుకున్నవాడు. ముందు "ముత్యం" అనే అర్థం వచ్చేలా పేరు పెడదామనుకుని, ఆ పేరుతో ఇంకో భాష ఉందని తెలిసి ఒక అక్షరం ఎగ్గొట్టాడు. దాన్ని వదిలింది యూజ్‌నెట్ లో. డౌట్లు వచ్చిందీ అక్కడే. మొదట్లో జవాబులిచ్చిన వాళ్ళలో లారీ వాల్ కూడా ఉన్నాడు. ఒంటె బొమ్మ పుస్తకం 1991 లో, మొదలుపెట్టేవాళ్ళ కోసం లామా బొమ్మ పుస్తకం 1993 లో వచ్చాయి. 1994 అక్టోబరులో పెర్ల్ 5 వచ్చింది. 1995 లో సీపాన్ మొదలయింది. ఎవరు ఏ మాడ్యూలు రాసినా అందరికీ అందుబాటులో పెట్టే గోడౌను అది.

వెబ్ పుంజుకుంటున్న రోజులు. సీజీఐ కోసం ప్రతివాడూ పెర్ల్ మీద పడ్డాడు. కొత్తవాళ్ళు వరదలా వచ్చారు, అందరిదీ అదే ప్రశ్న. రోజూ అదే జవాబు చెప్పి చెప్పి పాతవాళ్ళకి విసుగొచ్చింది. ఆ విసుగులోంచి రెండు పుట్టాయి. ఒకటి "ముందు మాన్యువల్ చదివి తగలడు" అనే తిట్టు. ఆ నాలుగక్షరాల పొడిమాట మీ అందరికీ తెలిసే ఉంటుంది. రెండోది, టామ్ క్రిస్టియన్సెన్, నేథన్ టార్కింగ్టన్ లాంటి వాళ్ళు కూర్చుని పోగు చేసిన ప్రశ్నావళి. తొమ్మిది భాగాలు. 1997 లో 5.004 వెర్షనుతో అది పెర్ల్ లోపలికే వచ్చి చేరింది.

అదీ మా బావ సీడీ రహస్యం. ఎక్కడో అమెరికాలోనో యూరప్ లోనో ఎవడో తెలియనివాడు సిగ్గుపడకుండా అడిగిన ప్రశ్న, ఇంకెవరో ఓపిగ్గా చెప్పిన జవాబు, రెండూ కలిసి సీడీ ఎక్కి తెనాలి దాకా వచ్చాయి. ఆ అడిగినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నెట్ లేని ఊళ్ళో మాకు గురువు ఎవరయ్యా అంటే, మాకంటే ముందు మాలాగే తెలియక అడిగినవాడు!

ఆ తొమ్మిదింట్లో నాలుగో భాగంలో 2000 సంవత్సరం గురించి కూడా ఒక ప్రశ్న ఉంది. మన తెలుగువాళ్ళని ఎంతమందినో విమానం ఎక్కించిన వై2కె ఇదే :) పెర్ల్ లో లోకల్‌టైమ్ ఇచ్చే సంవత్సరం 1900 తీసేసి ఇస్తుంది. అంటే 1999 కి 99, 2000 కి 100. చాలామంది దాన్ని చివరి రెండంకెలు అనుకుని ముందు 19 అతికించారు. 2000 జనవరి 1న కొన్ని వెబ్ పేజీల్లో "19100" అని పడింది. డాక్యుమెంటులో చక్కగా రాసి ఉంది. చదవలేదు సరే, "ఇది అదేనా?" అని పక్కవాణ్ణయినా అడగలేదు.

ఇంకో కథ. మ్యాట్ రైట్ అనే స్కూలు కుర్రాడు 1995 ప్రాంతంలో తను రాసిన పెర్ల్ స్క్రిప్టులు ఊరికే పంచిపెట్టాడు. ఫారం నింపితే మెయిలు పంపేది, గెస్ట్‌బుక్కు, ఇలాంటివి. ప్రపంచమంతా వాడేసింది. సెక్యూరిటీ పరంగా బోలెడు బొక్కలు. స్పాము పంపేవాళ్ళకి పండగ. పెర్ల్ పండితులు ఏళ్ళ తరబడి ఆ కోడుని తిట్టారు. తిట్ల వల్ల ఒక్క సైటులో కూడా స్క్రిప్టు మారలేదు. చివరికి లండన్ పెర్ల్ బృందం వాళ్ళు, డేవ్ క్రాస్ లాంటివాళ్ళు, "ఎందుకీ గోల" అని అవే పనులు చేసే స్క్రిప్టులు శుభ్రంగా రాసి, అంతే తేలిగ్గా పెట్టుకునేలా ఇచ్చారు. విచిత్రం ఏంటంటే, మ్యాట్ రైట్ కూడా తన సైటులో "నావి కాదు, వాళ్ళవి వాడండి" అని పెట్టుకున్నాడు.

మార్పు ఆ కాలంలోనే మొదలయింది. 1999 చివర్లో పెర్ల్ మాంక్స్ వచ్చింది. మఠంలో సన్యాసుల్లాగా మెట్లు, మంచి జవాబుకి మార్కులు. 2001 లో కేసీ వెస్ట్ కేవలం కొత్తవాళ్ళ కోసమే ఒక మెయిలింగ్ లిస్టు పెట్టాడు. అక్కడ ప్రశ్న ఎంత చిన్నదైనా అడగొచ్చు, అడిగినవాణ్ణి కసరకూడదు. మర్యాదని కూడా రూలుగా రాసుకోవాల్సి వచ్చిందంటే అప్పటి పరిస్థితి ఊహించుకోండి.

నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక, 2002 లో మొదటిసారి ఒక చోట ప్రశ్న అడిగాను. ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాయడానికి గంట పట్టింది. పది నిమిషాల్లో జవాబొచ్చింది, చదవడం రానివాళ్ళు ఈ పనికి ఎందుకొస్తారని. ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారి చూస్తే ఇంకెవరో ఇరవై లైన్లు రాశారు. నువ్వడిగింది ఫలానా, కానీ నీకు కావలసింది ఇంకేదో అయ్యుంటుంది, అసలు ఏం చేద్దామనుకుంటున్నావ్? అని. ఎక్స్ గురించి అడగాల్సింది వై గురించి అడగడం అంటారు దీన్ని. ఆ ఒక్క ప్రశ్నతో నా సమస్య తీరిపోయింది. అప్పుడే అనుకున్నా, నేను పెద్దయితే ఆ రెండోవాడిలా ఉండాలని.

అయ్యానా? లేదు.

2008. నేను టీం లీడుని. తెనాలి నుంచి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. మన వైపు వాడని ముచ్చటపడ్డాను. ఒక రోజు సాయంత్రం వచ్చి, "అన్నా, మా ఊరి రామకృష్ణుడి మీద ఒక డౌటు" అన్నాడు. వికటకవి, ఎటునుంచి చదివినా వికటకవే కదా. పెర్ల్ లో రివర్స్ చేసి ప్రింట్ చేస్తే సరిగ్గా వికటకవి అనే వచ్చిందట. కానీ వేరియబుల్లో పెట్టి తర్వాత ప్రింట్ చేస్తే చెత్త వస్తోందట. ఎందుకని?

డెలివరీ నెత్తిమీదుంది. "పనికొచ్చేవి చూడు తమ్ముడూ. పెర్ల్‌డాక్ చదువు" అన్నాను. అందరూ విన్నారు, ఒకరిద్దరు నవ్వారు. వాడూ నవ్వి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. "భలే, స్వయంగా నేర్చుకుంటున్నాడు" అనుకున్నా!

నెల తిరిగింది. పాత లాగ్ ఫైళ్ళు తుడిచే స్క్రిప్టు వాడికిచ్చాం. వారం దాటినవి తీసెయ్యాలి. పెర్ల్ లో ఫైలు ముందు మైనస్ ఎమ్ పెడితే అది మార్చి ఎన్ని రోజులయిందో చెప్తుంది. ఏడు కన్నా ఎక్కువుంటే పాతది. వీడు దాన్ని తేదీ లాంటిది అనుకున్నాడు, అంకె పెద్దదయితే కొత్త ఫైలని. ఏడు కన్నా తక్కువ అని రాశాడు. ఆ రాత్రి కొత్త లాగులన్నీ పోయి పాతవన్నీ మిగిలాయి. అందులో ఒక కస్టమరు బిల్లింగు లెక్కలున్నాయి. తర్వాత తెలిసింది, ఆ గుర్తు అటా ఇటా అని వాడు రెండు రోజులు కొట్టుమిట్టాడాట్ట. నా సీటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళాడని పక్కమ్మాయి చెప్పింది.

వాణ్ణి పంపించేశారు. వాడి స్క్రిప్టుని చూడకుండా ఓకే చేసిన నన్ను మాత్రం ఎవరూ ఏమనలేదు.

ఆ ఆదివారం కూర్చుని వికటకవిని నేనే తిరగేశాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ డౌటుకి జవాబు నాకూ తెలీదు! తెలియనితనాన్ని "డాక్ చదువు" అనే మాట వెనక దాచుకున్నాను. చాలామంది పండితుల విసుగు వెనక ఉండేది ఇదే అని నా అనుమానం.

సంగతి ఇదీ. పెర్ల్ లో రివర్స్ కి రెండు వేషాలు. ప్రింట్ పక్కన నేరుగా రాస్తే అది జాబితాని తిరగేస్తుంది. జాబితాలో ఉన్నది ఒక్కటే మాట, ఒక్కదాన్ని తిరగేస్తే ఏముంది, అలాగే వస్తుంది. అంటే మొదట వచ్చిన "సరైన" జవాబు అసలు తిరగనే లేదు. వికటకవి కాబట్టి దొరకలేదు, రేపల్లె అని పెట్టి ఉంటే వెంటనే దొరికిపోయేది. వేరియబుల్లో పెడితే నిజంగానే తిరగేసింది, కానీ బైట్లని. మన ఒక్కో గుర్తుకీ యుటిఎఫ్-8 లో మూడేసి బైట్లు, అవి తిరగబడితే చెత్తే. డీకోడ్ చేసి తిరగేస్తే కోడ్ పాయింట్లు తిరుగుతాయి. వ తర్వాత రావలసిన గుడి వ కన్నా ముందుకొచ్చి, "ివకటకివ" అవుతుంది. బాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ తో వి, క, ట, క, వి అని ముక్కలు చేసి తిరగేస్తే అప్పుడు రామకృష్ణుడు బతుకుతాడు. రివర్స్ రెండు వేషాల సంగతి ఆ ప్రశ్నావళి నాలుగో భాగంలోనే ఉంది. 1999 లో తెనాలిలో మా బావ సీడీలో ఉన్నదే.

ఇదే పనిని మా మిగతా రెండు ఊళ్ళ మీద చేస్తే ఇంకో ముడి పడుతుంది. బాపట్ల, రేపల్లె మనకి మూడేసి అక్షరాలు. పాత పెర్ల్ లు నాలుగేసి అంటాయి, ట్ల, ల్లె లని విడగొట్టి. ఒత్తుని కలిపి ఒకటిగా లెక్కపెట్టే నియమం తెలుగుకి యూనికోడులో 2023 లో, 15.1 వెర్షనుతో వచ్చింది. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బండి భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడి స్తూపంలో 1892 లో దొరికిన ధాతు కరండాల మీది రాతల్లో, హల్లుకి "అ" చేర్చడానికి విడిగా ఒక గీత ఉంటుంది. అంటే అక్షరాన్ని ఎలా ముక్కలు చెయ్యాలన్న డౌటు ఆ రైలు దారిలో రెండు వేల ఏళ్ళకి పైబడినది. అలాంటి డౌటు తెచ్చినవాణ్ణి నేను పనికొచ్చేవి చూడు పొమ్మన్నాను.

2008 సెప్టెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చింది, డౌట్లన్నీ అటు మళ్ళాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు మా టీంలో పిల్లలు మనుషుల్ని అడగడం బాగా తగ్గింది. అది కసరదు, నవ్వదు, అర్ధరాత్రయినా విసుక్కోదు. ఆ కుర్రాడికి ఆ రోజు అలాంటిది ఉండి ఉంటే ఉద్యోగం ఉండేదేమో. అందుకని దాన్ని నేను తిట్టలేను. కానీ ఒకటుంది. ఆ ప్రశ్నా జవాబూ వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోతాయి. ఇంకో ఊళ్ళో ఇంకో బావ సీడీలోకి చేరవు. గూగుల్ గ్రూప్స్ కూడా 2024 ఫిబ్రవరిలో యూజ్‌నెట్ కొత్త సందేశాలు తీసుకోవడం ఆపేసింది. ఆ బావి తవ్వినవాళ్ళు వెళ్ళిపోయారు, మనం ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నాం.

నేను చెప్పొచ్చేది పెద్దదేం కాదు. మీ సీటు దాకా వచ్చి వెనక్కి తిరిగిన కుర్రాడు ఎవరైనా ఉన్నారేమో ఓసారి చూడండి. జవాబు తెలిస్తే చెప్పండి, నలుగురికీ కనిపించే చోట రాసి పెట్టండి. తెలియకపోతే "నాకూ తెలీదు తమ్ముడూ, కలిసి చూద్దాం రా" అనండి. ఆ వాక్యం నేర్చుకోవడానికి నాకు పట్టినంత కాలం మీకు పట్టకూడదు.

వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెనాలి స్టేషనులో బండి ఆగిన ప్రతిసారీ ప్లాట్‌ఫారం మీద ఆ మొహం కోసం చూస్తాను. జవాబు బాకీ ఉన్నాను కదా.