గంట ఎవరి చేతిలో ఉన్నది?



బడిలో వక్తృత్వపు పోటీలు జరిపే రోజులలో నా బల్లమీద ఒక ఇత్తడి గంట ఉండేది. గడువు ముగియగానే మ్రోగించేవాడిని. ఎవరికెన్ని నిమిషాలో ముందే చెప్పేవాడిని గనుక పిల్లలు నొచ్చుకొనేవారు కారు. ఒక ఏడు మాత్రం ఒక కుర్రవాని వాదన నాకు రుచించక, గడువుకు ముందే గంట కొట్టాను. వాడు మారుమాట లేక వేదిక దిగిపోయాడు.

బ్రిటిష్ కామన్స్ సభ చరిత్ర చదువుతూంటే ఆ గంటే నాకు జ్ఞప్తికి వచ్చింది.

1881లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఐర్లండుకై ఒక బిల్లు తెచ్చింది. విచారణ లేకుండా, కేవలం అనుమానం మీద మనుష్యులను నిర్బంధించే అధికారం అందులో ఉన్నది. పార్నెల్ నాయకత్వాన ఉన్న ఐరిష్ సభ్యులకు సంఖ్యాబలం లేదు. ఉన్న ఆయుధం నాలుక ఒక్కటే. చర్చను బలవంతాన ముగించే నియమం ఆనాడు లేదు. జనవరి 31న మొదలైన సమావేశాన్ని వంతులవారీగా మాట్లాడుతూ 41 గంటలు సాగదీశారు. ఫిబ్రవరి 2 ఉదయం స్పీకర్ హెన్రీ బ్రాండ్ లేచి, ఏ నియమమూ ఆధారం లేకుండానే, తన బాధ్యతమీద చర్చను ముగించి వోటింగు జరిపించారు. మరునాడు 36 మంది ఐరిష్ సభ్యులు సస్పెండు అయినారు. బిల్లు చట్టమయింది. అక్టోబరులో పార్నెల్‌ను చెరలో పెట్టినది ఆ చట్టమే.

సభను స్తంభింపజేయుట ఒప్పని నేననను. పని జరగవలసినదే. కాని కోపంలో పుట్టిన ఉపాయం కోపంతోపాటు పోలేదు. 1882లో చర్చ ముగింపు శాశ్వత నియమమయింది. 1887లో కన్సర్వేటివులు, మళ్ళీ ఐర్లండు బిల్లుకోసమే, గడువు చెప్పి చర్చను కోసివేసే 'గిలెటిన్' ప్రయోగించారు. 1893లో ఐరిష్ సభ్యుల అండతో నడిచిన గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం, ఐర్లండు స్వపరిపాలన బిల్లుకై అదే కత్తిని కన్సర్వేటివులపై ఎత్తింది!

ఆ కత్తి మన లోక్‌సభకూ వచ్చింది. బడ్జెట్ పద్దులకు కేటాయించిన చివరిరోజున, మిగిలినవన్నీ చర్చ లేకుండా వోటుకు పెడతారు. 2018 మార్చిలో ఒక్క మంత్రిత్వశాఖ పద్దుపైనా చర్చ జరగలేదు. ప్రత్యేక హోదాకై మన ఆంధ్ర సభ్యులు చేసిన నినాదాలూ నాటి గందరగోళంలో ఉన్నవి. గోల చేసినవారిదెంత తప్పో, గోలను సాకుగా కోట్ల రూపాయల లెక్కను మాటలేకుండా దాటించినవారిదీ అంత తప్పే.

గంట ఉండవలసినదే. అయితే అది ఎప్పుడు మ్రోగుతుందో పోటీకి ముందే, ఉభయపక్షాలూ వినగా చెప్పాలి. రేపు తాము ఎదుటి బల్లలమీద కూర్చున్నా ఆ నియమం న్యాయంగానే తోచునా అని, దానిని మార్చేవారు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆ కుర్రవానికి అప్పుడు రెండు నిమిషాలు మిగిలి ఉన్నవి. ఏమి చెప్పదలచుకొన్నాడో నేను ఆ తరువాత కూడా అడగలేదు.