సైకిల్‌కు బీమా లేకున్నా పరిహారం హక్కే
రోడ్డుపై రాజీ పడితే బాధితుడికే నష్టం - మొదటి రోజు నమోదయ్యే కాగితాలే కీలకం

పాతబస్తీ: తెల్లవారక ముందే పాల క్యాన్లు, దినపత్రికల కట్టలు... పొద్దెక్కాక కూరగాయల బుట్టలు, పాత సామాన్ల మూటలు. పాతబస్తీలో సైకిల్ ఇప్పటికీ ఎందరికో బతుకుతెరువు. చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా, బహదూర్‌పురా, చాంద్రాయణగుట్ట దారుల్లో బస్సులు, ఆటోలు, ద్విచక్ర వాహనాల నడుమే ఈ సైకిళ్లు సాగాలి. ఏదైనా వాహనం ఢీకొంటే చాలాసార్లు వ్యవహారం రోడ్డు మీదే ముగిసిపోతుంది. చుట్టూ చేరిన నలుగురు సర్దిచెబుతారు. వాహనదారుడు కొంత సొమ్ము చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. వారం తిరిగేసరికి ఎముక విరిగిందని తేలుతుంది. అప్పటికి వాహనం నంబరు కూడా దొరకదు. సైకిల్‌కు బీమా లేదు, తొక్కేవారికి లైసెన్సు లేదు కాబట్టి తమకేమీ రాదని బాధితులు భావించడమే ఈ నష్టానికి మూలం. చట్టం అలా చెప్పడం లేదు.

సైకిల్ మోటారు వాహనం కాదు

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం సైకిల్ మోటారు వాహనాల నిర్వచనంలోకి రాదు. దానికి రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు ఏవీ అవసరం లేదు. చట్టంలోని హెల్మెట్ నిబంధన మోటారు సైకిళ్లకే పరిమితం. కాబట్టి ఇవి లేవన్న సాకుతో పరిహారం నిరాకరించడానికి వీల్లేదు. మరోవైపు రోడ్డెక్కే ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలని ఇదే చట్టంలోని 146వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఆ బీమా ఉద్దేశమే వాహనం వల్ల గాయపడిన ఇతరులను ఆదుకోవడం. ఢీకొన్న వాహనానికి బీమా లేకపోయినా బాధితుడి హక్కు పోదు. అప్పుడు వాహన యజమాని, డ్రైవరు సొంతంగా చెల్లించాలి. ఆర్టీసీ బస్సు అయితే సంస్థను ప్రతివాదిగా చేర్చాలి.

డ్రైవరు బాధ్యతలు

గాయపడిన వ్యక్తిని దగ్గర్లోని వైద్యుని వద్దకు చేర్చడం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు విధి. జనం ఆగ్రహం వంటి కారణాలతో అది సాధ్యం కాకపోతే తప్ప ఈ బాధ్యత తప్పదు. సంఘటన స్థలంలో పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోగా సమీప ఠాణాలో సమాచారం ఇవ్వాలి. బీమా కంపెనీకీ తెలియజేయాలి. క్షతగాత్రులకు సాయపడిన బాటసారులను పోలీసులు, ఆస్పత్రులు ఇబ్బంది పెట్టకుండా 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది.

మొదటి రోజు చేయాల్సింది

గాయం చిన్నదిగా కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. ఉస్మానియా ఆస్పత్రికి వెళ్లినా, ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లినా రోడ్డు ప్రమాదంలో గాయపడినట్లు వైద్యుడికి స్పష్టంగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించుకోవాలి. ‘సైకిల్‌పై నుంచి జారిపడ్డాడు’ అని కేసు షీటులో రాస్తే, వాహనం ఢీకొనలేదని వాదించడానికి బీమా కంపెనీకి అదే ఆధారమవుతుంది.

ఆ తర్వాత ఠాణాలో ఫిర్యాదు చేయాలి. నిర్లక్ష్యంగా వాహనం నడిపినందుకు భారతీయ న్యాయ సంహితలోని 281, గాయపరచినందుకు 125 సెక్షన్ల కింద కేసు నమోదవుతుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో ఈ చట్టం అమల్లో ఉంది. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఠాణా పరిధి తమది కాదని ఫిర్యాదును తిరస్కరించకూడదు. ‘జీరో ఎఫ్ఐఆర్’ నమోదు చేసి సంబంధిత ఠాణాకు పంపాలి. బాధితుడు చికిత్సలో ఉండి ఫిర్యాదు ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో పరిహారం కేసును అనుమానించరాదని రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దుకాణాల సీసీ కెమెరాల్లోని దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతుంటాయి. వాటిని వెంటనే భద్రపరచాలని దర్యాప్తు అధికారిని లిఖితపూర్వకంగా కోరడం మేలు. సైకిల్‌ను వెంటనే బాగుచేయించకుండా, దెబ్బతిన్న తీరు కనిపించేలా ముందు ఫొటోలు తీయించాలి.

‘నాకు ఎలాంటి అభ్యంతరం లేదు’ అని రాసిన కాగితాలపై సంతకం చేయకూడదు. లోపలి గాయాలు, ఎముకల చీలికలు అప్పటికప్పుడు బయటపడవు. ఆ కాగితమే తర్వాత బాధితుడికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

చేతిలో డబ్బు లేకున్నా చికిత్స

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. మోటారు వాహనం వల్ల గాయపడిన వ్యక్తికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, గరిష్ఠంగా రూ.1.5 లక్షల మేర గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో చికిత్స అందించాలి. సైకిలిస్టులకూ, పాదచారులకూ ఇది వర్తిస్తుంది. ప్రమాదం నిజమేనని పోలీసులు ధ్రువీకరించాల్సి ఉంటుంది కాబట్టి వారికి సమాచారం ఇవ్వడంలో జాప్యం కూడదు.

ఢీకొట్టి పారిపోతే...

వాహనం ఆచూకీ దొరకని కేసుల్లోనూ పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పథకం ప్రకారం తీవ్రంగా గాయపడిన వారికి రూ.50 వేలు, మరణిస్తే కుటుంబానికి రూ.2 లక్షలు చెల్లిస్తారు. అంతకు ముందు ఈ మొత్తాలు రూ.12,500, రూ.25 వేలు మాత్రమే. ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ డివిజన్‌లో క్లెయిమ్స్ విచారణాధికారికి దరఖాస్తు చేసుకోవాలి. ఆయన నివేదికపై జిల్లా కలెక్టరు మంజూరు ఉత్తర్వులిస్తారు. నెల రోజుల్లో వాహనం వివరాలు తెలియకపోతే ఈ పథకం గురించి బాధితుడికి పోలీసులే లిఖితపూర్వకంగా తెలియజేయాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత వాహనం దొరికి పూర్తి పరిహారం వస్తే, ముందు పొందిన సొమ్మును అందులోంచి మినహాయిస్తారు.

వాహనం తెలిస్తే రెండు మార్గాలు

ఒకటి 164వ సెక్షన్. దీని కింద డ్రైవరు తప్పును నిరూపించాల్సిన పనిలేదు. తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు, మరణానికి రూ.5 లక్షలు చెల్లించాలి. ఎముక విరగడం తీవ్ర గాయం కిందకే వస్తుంది.

రెండోది 166వ సెక్షన్. ఇక్కడ డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపాలి. అయితే పరిహారానికి ముందుగా నిర్ణయించిన పరిమితి లేదు. వాస్తవ నష్టమంతా కోరవచ్చు. క్రిమినల్ కేసులో మాదిరిగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు.

164 కింద బీమా కంపెనీ ఇవ్వజూపిన సొమ్మును స్వీకరిస్తే 166 కింద వేసిన పిటిషన్ రద్దవుతుంది. శాశ్వత వైకల్యం మిగిలే అవకాశం ఉన్నవారు తొందరపడి సంతకం చేసే ముందు న్యాయ సలహా తీసుకోవాలి.

ఎక్కడ, ఎప్పటిలోగా?

ప్రమాదం జరిగిన చోటు, బాధితుడు నివసించే లేదా పనిచేసే చోటు, ప్రతివాది నివసించే చోటు... వీటిలో ఏ ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనైనా పిటిషన్ వేయవచ్చు. హైదరాబాద్‌లో సిటీ సివిల్ కోర్టు, సిటీ స్మాల్ కాజెస్ కోర్టుల న్యాయమూర్తులు మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రైబ్యునళ్లుగా వ్యవహరిస్తారు. కాబట్టి ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా పాతబస్తీ నివాసి అక్కడికి తిరగాల్సిన అవసరం లేదు.

1994 సవరణ పిటిషన్ గడువును ఎత్తివేసింది. 2019 సవరణ దాన్ని తిరిగి తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలన్న నిబంధన ఉంది. దీన్ని సవాలు చేసిన వ్యాజ్యాలపై, గడువు మీరిందన్న కారణంతో పిటిషన్లను కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది. అది తుది తీర్పు కాదు. ఆరు నెలలు దాటనివ్వకపోవడమే క్షేమం.

పోలీసులకూ గడువులున్నాయి. 2022 నిబంధనల ప్రకారం మొదటి ప్రమాద నివేదికను 48 గంటల్లో, సమగ్ర నివేదికను 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు సమర్పించాలి. బాధితుడి హక్కుల వివరాలను పది రోజుల్లో అతనికి అందజేయాలి. ఈ కాగితం అందకపోతే అడిగి తీసుకోవచ్చు.

పరిహారం లెక్క ఇలా

చికిత్స ఖర్చులు, మందులు, రవాణా, పోషకాహారం, సహాయకుడి ఖర్చు, మంచానపడిన కాలంలో పోయిన ఆదాయం, శాశ్వత వైకల్యం వల్ల ముందుముందు తగ్గే ఆదాయం, భవిష్యత్ వైద్య ఖర్చులు, అనుభవించిన బాధ... వీటన్నింటినీ విడివిడిగా లెక్కిస్తారు.

వైద్యుడు రాసే వైకల్య శాతమే సంపాదన నష్టం కాదని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు వివరించింది. చేయి పోయిన వడ్రంగికి బతుకుతెరువే పోతుంది. అదే నష్టంతో గుమస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. అందుకే బాధితుడు ఏ పని చేసేవాడో, ఆ పని ఇక చేయగలడో లేదో ట్రైబ్యునల్ చూడాలి. రోజంతా సైకిల్ తొక్కి సరుకు అమ్మే వ్యక్తికి మోకాలి గాయం ఎంతటి నష్టమో పిటిషన్‌లో వివరంగా రాయించుకోవాలి.

ఊహాజనిత ఉదాహరణ: సైకిల్‌పై కూరగాయలు అమ్మే 38 ఏళ్ల వ్యక్తి నెలకు రూ.12 వేలు సంపాదిస్తున్నాడు. ప్రమాదం వల్ల అతని సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని ట్రైబ్యునల్ తేల్చింది. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధి పొందేవారికి భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. దాంతో నెలసరి ఆదాయం రూ.16,800, ఏడాదికి రూ.2,01,600 అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 36-40 ఏళ్ల వారికి గుణకం 15. హెచ్చిస్తే రూ.30,24,000. అందులో 30 శాతం రూ.9,07,200. చికిత్స ఖర్చులు, బాధకు ఇచ్చే పరిహారం దీనికి అదనం. రోడ్డు మీద చేతిలో పెట్టే నోట్లకూ, ఈ మొత్తానికీ ఎంత తేడా ఉందో గమనించాలి.

ఆదాయానికి రుజువు లేకపోతే?

చిరు వ్యాపారులు, కూలీల వద్ద జీతం చీటీలుండవు. అసంఘటిత రంగంలో సొంత పని చేసుకునేవారి నుంచి ఆదాయ పత్రాలు ఆశించలేమని సయ్యద్ సాదిక్ కేసులో 2014లో సుప్రీంకోర్టు పేర్కొంది. కాలు కోల్పోయిన ఆ కూరగాయల వ్యాపారి నెలసరి ఆదాయాన్ని రూ.6,500గా, సంపాదన నష్టాన్ని 85 శాతంగా తీసుకుంది. సరుకు కొన్న మండీ చీటీలు, డిజిటల్ చెల్లింపుల వివరాలు, తోటి వ్యాపారుల సాక్ష్యం ఉపయోగపడతాయి. ఇవేవీ లేకున్నా కనీస వేతనం ప్రాతిపదిక అవుతుంది. సంపాదన లేని పిల్లల విషయంలోనూ ఇంతే. పన్నెండేళ్ల బాలిక గాయపడిన కాజల్ కేసులో 2020లో నైపుణ్యం గల కార్మికుడి కనీస వేతనాన్నే ఆదాయంగా లెక్కించారు.

పిటిషన్‌లో తక్కువ మొత్తం అడిగినా, న్యాయమైనదని తోస్తే అంతకు మించి మంజూరు చేసే అధికారం ట్రైబ్యునల్‌కు ఉందని నాగప్ప కేసు తీర్పు చెబుతోంది.

సైకిలిస్టు తప్పూ ఉంటే...

ఎదురుదారిలో రావడం, అకస్మాత్తుగా మలుపు తిరగడం, రాత్రివేళ దీపం లేకపోవడం వంటివి రుజువైతే ట్రైబ్యునల్ బాధ్యతను ఇద్దరికీ పంచుతుంది. సైకిలిస్టు తప్పు 20 శాతమని తేలితే పరిహారంలో 20 శాతం కోతపడుతుంది. 166 కింద హక్కు మొత్తంగా పోదు. సైకిల్‌కు వెనుక వైపు రిఫ్లెక్టర్ బిగించుకుంటే ప్రాణానికీ, కేసుకూ రక్షణే.

గుంతలో పడినా, మరో సైకిల్ ఢీకొన్నా ఈ ట్రైబ్యునల్ పరిధిలోకి రాదు. 250 వాట్ల లోపు మోటారు ఉండి, గంటకు 25 కిలోమీటర్లు మించని ఎలక్ట్రిక్ సైకిల్ కూడా నిబంధనల ప్రకారం మోటారు వాహనం కాదు. ఇలాంటి సందర్భాల్లో సివిల్ కోర్టును ఆశ్రయించాలి.

దళారులతో జాగ్రత్త

ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చి ఖాళీ వకాలత్‌నామాలపై సంతకాలు తీసుకునే వారిని నమ్మరాదు. వచ్చే పరిహారంలో వాటా రూపంలో ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్ణీత ఆదాయ పరిమితి లోపు వారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సమాచారం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో కేసు త్వరగా తేలుతుంది. అయితే అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు కాబట్టి అంగీకరించే ముందే లెక్క చూసుకోవాలి.

ట్రైబ్యునల్ తీర్పు వెలువడిన 30 రోజుల్లోగా సొమ్ము జమ చేయాలి. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ మంజూరు చేయవచ్చు. తీర్పుతో సంతృప్తి చెందనివారు 90 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. వివాదంలోని మొత్తం రూ.లక్ష లోపైతే అప్పీలుకు అవకాశం లేదు.

దాచుకోవాల్సిన పత్రాలు

* ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, పంచనామా ప్రతులు
* గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి కార్డు, ఎక్స్‌రేలు
* మందుల బిల్లులు, ఆటో, అంబులెన్సు రశీదులు
* ఢీకొన్న వాహనం నంబరు, బీమా పాలసీ, డ్రైవరు లైసెన్సు వివరాలు
* వైకల్య ధ్రువపత్రం
* వయసు, ఆదాయం తెలిపే ఆధారాలు
* సైకిల్ ఫొటోలు, మరమ్మతు బిల్లు
* ప్రత్యక్ష సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు